తెలుసు రావు గారి కొరియా భాష

వెంకటరామారావు గారి నోటి నుంచి "తెలియదు" అన్న మాట విన్న మనిషి దమ్మపేట మండలం మొత్తంలో లేడు. ఏదడిగినా ఆయన మొదటి జవాబు "తెలుసు". ఆ తర్వాత చెప్పేది నిజమా కాదా అన్నది అడిగినవాళ్ళ అదృష్టాన్ని బట్టి ఉంటుంది. ఆయనకూ ఒక ఇంటిపేరు ఉండే ఉంటుంది గానీ అది రేషన్ కార్డు దాటి బయటికి రాలేదు. ఊరందరికీ ఆయన తెలుసు రావు గారు.

అబద్ధాలకోరు అనుకునేరు. కాదు. అబద్ధం ఆడేవాడికి అది అబద్ధమని ముందుగా తెలిసి ఉండాలి కదా. రావు గారికి ఆ ఇబ్బంది లేదు. మాట నోరు దాటగానే అందరికంటే ముందు తనే నమ్మేస్తారు.

ఒకసారి బస్టాండు దగ్గర ఎవరో కొత్త మనిషి పశువుల డాక్టరు ఇల్లెక్కడని అడిగాడు. "తెలుసు. తిన్నగా వెళ్ళి, రైసుమిల్లు దాటాక ఎడమ చేతి వైపు నీలం గేటు" అన్నారు రావు గారు. ఆ మనిషి కనుమరుగయ్యాక గుర్తొచ్చింది, డాక్టరు కిందటి నెలలోనే ఇల్లు మారాడని. ఎక్కడికి మారాడో ఆయనకు తెలియదు. ఇంకొకరైతే ఊరుకునేవారు. ఈయన మోపెడ్ తీసి సందుసందూ తిరిగారు. ఇల్లెక్కడని ఎవరినీ అడగలేదు, అడిగితే పరువేం కాను? "డాక్టరు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడా?" అని అడుగుతూ, వాళ్ళు చూపించిన దిక్కును బట్టి ఇల్లు పట్టుకున్నారు. ఆ తర్వాత నీలం గేటు ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డ మనిషిని మోపెడ్ మీద ఎక్కించుకొచ్చి అక్కడ దించారు. దించి, "చెప్పానా, నాకు తెలుసని!" అన్నారు.

ఈ జబ్బు ఈనాటిది కాదంటారు ఆయన భార్య సుబ్బరత్నం గారు. "పెళ్ళిపీటల మీద పురోహితుడు నా గోత్రం అడిగాడు. మా నాన్న నోరు తెరిచేలోగా ఈయన 'తెలుసు' అని చెప్పేశాడు. అది మా గోత్రం కాదు. ఆ లెక్కన నాకింకా పెళ్ళే కాలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు.

భాషల సంగతి మరీ ఘోరం. ఆయనకు రాని భాష లేదు. ఏటా మిరపకాయలు కోయడానికి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ముఠాలు దిగుతాయి. ఆ ఏడు ముత్యాలు అనే రైతుకూ, ముఠా మేస్త్రికీ చేల గట్టు మీద పెద్ద రగడ అయింది. మధ్యలో రావు గారు దుబాసీగా దూరారు.

"మీవాళ్ళు కాయలు తెంపుతున్నరా, చెట్లు పీకుతున్నరా? కండ్లు నెత్తికెక్కినయా?" అని అరిచాడు ముత్యాలు.

రావు గారు మేస్త్రి వైపు తిరిగి, చేతులూపుతూ, తనకే సొంతమైన ఒక హిందీలో ఏదో చెప్పారు. అందులో 'బహుత్ అచ్ఛా' అన్న ముక్క ఒక్కటే అందరికీ అర్థమైంది. మేస్త్రి కళ్ళెర్రజేసి బదులు చెప్పాడు.

"ఏమంటున్నడు?" అన్నాడు ముత్యాలు.

"ఇంత చక్కటి చేను ఈ చుట్టుపక్కల చూడలేదంటున్నాడు. ఎండకి పిల్లలు సొమ్మసిల్లుతున్నారు, లేకపోతే ఇంకా బాగా కోసేవాళ్ళమని బాధపడుతున్నాడు."

ముత్యాలు మెత్తబడి, ఇంటికెళ్ళి కడవ నిండా మజ్జిగ పంపించాడు. ఆ మేస్త్రి ఇప్పటికీ ఏటా ముత్యాలు చేనుకే ముందు వస్తాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు. "ఈయన నోట్లో పడితే బూతు కూడా బూరె అయి బయటికొస్తుంది" అంటారు సుబ్బరత్నం గారు.

ఇంత గొప్ప పండితుడు ఊళ్ళో ఉన్న సంగతి సంగీత మరిచిపోవడానికి వీల్లేదు. ఎందుకంటే రావు గారమ్మాయి దీపికా, సంగీతా ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. అప్పటి నుంచి ఆయన్ని బాబాయ్ అనడం సంగీతకు అలవాటు. ఊరికి కాస్త దూరంగా, అడవికి కాస్త దగ్గరగా ఉండే తండా సంగీత వాళ్ళది. ఇప్పుడు ఊళ్ళో హైస్కూల్లో టీచరు. అన్న కోటేష్ మణుగూరు బొగ్గు గనుల్లో పని చేస్తాడు. ఇంట్లో దిగులుపడాల్సినదేమీ లేదు, వాళ్ళమ్మ మోతీ కడుపులో గడ్డ తప్ప.

ఖమ్మంలో డాక్టరు చూసి, "వెంటనే ఆపరేషన్ చేసి తీసేయాలె. ఇప్పుడైతే భయం లేదు, ఆలస్యం చేస్తే నేను చెప్పలేను" అన్నాడు. మోతీ ససేమిరా అంది. ఆమె అక్క ఒకామె ఇలాగే పట్నం దవాఖానాకు వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ రోజు నుంచి మోతీ దృష్టిలో ఖమ్మం బస్సు పోవడానికే గానీ రావడానికి కాదు. సంగీత బతిమాలింది, ఏడ్చింది, అన్నం మానేసింది. కోటేష్ సెలవు పెట్టి వచ్చి అరిచి వెళ్ళాడు. మోతీ మాత్రం, "పంట చేతికి రానియ్యి, చూద్దం" అనేది. ఆ పంట అయ్యాక ఇంకో పంట ఉంటుందని సంగీతకు తెలుసు.

చివరికి బాబాయ్‌ని పిలుచుకొచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని, "నాకు తెలుసు మోతీ. అదొక ఆపరేషనా? పన్ను పీకించుకున్నట్టే" అన్నారు.

మోతీ ఆయన ముందు మర్యాదగా తల ఊపింది. ఆయన వెళ్ళిపోయాక కూతురితో, "నిన్నటిదాక కొంచెం ధైర్యం ఉండె. రావుగారు తెలుసన్నడు గదా, ఇగ నిజంగ భయమైతుంది" అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఖమ్మం నుంచి శ్రీధర్ సార్ ఫోన్ చేశాడు. సంగీతకు కాలేజీలో పాఠం చెప్పిన లెక్చరరు. ఆయనకు సినిమా పిచ్చి, అదీ పాటలూ ఫైట్లూ లేని సినిమాల పిచ్చి. హైదరాబాదులో కొరియా దేశపు డాక్యుమెంటరీల ప్రదర్శన జరిగితే వెళ్ళి, ఒక దర్శకురాలితో మాట్లాడి, పల్లెల్లో చూపించుకుంటామని అడిగి డిస్కు తెచ్చుకున్నాడు.

"మీ ఊర్ల ఏద్దం సంగీతా" అన్నాడు.

"కొరియా సినిమా మావోళ్ళు ఏం చూస్తరు సార్?"

"మిర్చి రైతుల కథ. ఒక ముసలాయన, ఒక ముసలామె, కొండ కింద చేను. నిజం మనుషులు, యాక్టర్లు గాదు. కింద ఇంగ్లీషుల మాటలు పడతయ్, నేను చూసుకుంట తెలుగుల చెప్త."

మిర్చి అన్నాక ఇంక వేరే ప్రచారం అక్కర్లేదు. స్కూలు వరండాకు తెల్ల దుప్పటి కట్టేసరికి పొద్దుగూకక ముందే గ్రౌండు నిండింది. తండాల నుంచి ఆటోల్లో వచ్చారు. కూతురు పెట్టిన సినిమా కాబట్టి మోతీ ముందు వరసలో కూర్చుంది. పక్కన భర్త బద్యా.

సినిమా మొదలైంది. తెర నిండా ఎర్రటి మిరపకాయలు, ఇంటి కప్పు మీద ఎండబోసినవి. జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. కొరియా అంటే ఏమోననుకున్నాం, మన కల్లమే అనుకున్నారు. ముసలాయన దగ్గి, ఏదో అన్నాడు. కింద అక్షరాలు పడ్డాయి. శ్రీధర్ మైకు నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"చెప్పండి సార్" అంది సంగీత.

"ఏం చెప్పాలె? ఇంగ్లీషు వస్తలేదు. ఇవేవో చైనా అక్షరాలో జపానువో." అతను రిమోటులోని బటన్లన్నీ నొక్కాడు. ప్రతి బటనుకూ బొమ్మ ఆగడం, కదలడం తప్ప అక్షరాలు మారలేదు. వెనక నుంచి ఈలలు మొదలయ్యాయి.

అప్పుడు జనంలోంచి పంచె సర్దుకుంటూ రావు గారు లేచారు. "ఆ మైకిలా ఇవ్వు నాయనా. కొరియా భాష నాకు తెలుసు."

సంగీత అడ్డొచ్చింది. "ఎట్ల తెలుసు బాబాయ్?"

"వింటుంటే తెలుస్తుందమ్మా. అదేం బ్రహ్మవిద్యా?"

తెర మీద కనపడకుండా, కెమెరా వెనక నుంచి ఒక అమ్మాయి గొంతు "ఒమ్మా!" అని పిలిచింది. ముసలామె చేలోంచి తలెత్తింది. "విన్నారా? అమ్మా అంటోంది!" అన్నారు రావు గారు విజయగర్వంతో. ముసలామె నడుం పట్టుకుని "ఐగో" అంది. "ఐగో అంటే అయ్యో. వాళ్ళకి 'య' పలకదు, 'గ' అంటారు. అంతే తేడా." ముసలాయన కాయ కొరికి "గోచు" అన్నాడు. "చూశారా, ఘాటు అంటున్నాడు." ఇక జనానికి అనుమానం లేదు. కొరియా వాళ్ళు ఏ కాలంలోనో గోదావరి దాటి వెళ్ళిపోయిన తెలుగువాళ్ళని అక్కడికక్కడే తేలిపోయింది.

అన్నిటికంటే ఎక్కువగా దొరికిన మాట 'నే'. కొరియా భాషలో ఎవరేం చెప్పినా 'నే' అంటారు. అది 'అవును' అనడమని సంగీతకు చాలా రోజుల తర్వాత తెలిసింది. రావు గారికి మాత్రం అది పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట. ముసలాయన ఏదో అడిగాడు, ముసలామె "నే" అంది. "'మూట నేనే మోస్తా, నువ్వు ముట్టుకోకు' అంటోంది." పక్కింటామె ఏదో అంది, ముసలామె "నే, నే" అంది. "'నేనే వండా, నేనే తెచ్చా, తిని చూడు' అంటోంది." ఆ లెక్కన ఆ ఇంట్లో పనంతా ముసలామే చేస్తోందని తేలి, ఆడవాళ్ళంతా ముసలాయన మీద కారాలు మిరియాలు నూరారు.

అంతలో తెర మీదికి బస్సు వచ్చింది. ముసలామె మూట పట్టుకుని ఎక్కింది. తర్వాత పొడుగాటి తెల్లటి వసారా, తెల్ల కోటు డాక్టరు, వెలుగులో పెట్టి చూపించిన ఎక్స్‌రే. సంగీత తల్లి వైపు చూసింది. మోతీ కొంగు చివర పిడికిట్లో బిగించి, తెర వైపు రెప్ప వేయకుండా చూస్తోంది. ఈ సినిమా ఎందుకు తెప్పించానురా దేవుడా అనుకుంది సంగీత. పారిపోదామంటే మైకు బాబాయ్ చేతిలో ఉంది.

డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. ముసలామె తల దించుకుని, "నే... నే..." అంది.

రావు గారు గొంతు సవరించుకున్నారు. "'నేనే నడిచొస్తా. నేనే పడుకుంటా. కోసేది మీరు కోయండి, లేచేది నేను లేస్తా' అంటోంది. అమ్మో, గట్టి మనిషి!"

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. తెర మీద ఒక తలుపు మూసుకుంది.

మళ్ళీ చేను. ఈసారి ముసలాయన ఒక్కడే. కొడవలి పట్టుకుని కొండ ఎక్కాడు. పైన చదునైన చోట గుండ్రటి మట్టి దిబ్బ ఒకటి, నిండా పచ్చటి గడ్డి. అలాంటిది ఈ ప్రాంతంలో ఎవరూ చూడలేదు. చెయ్యి పెట్టి గడ్డి దువ్వినట్టు కోశాడు. దాని ముందు పళ్ళు పెట్టాడు. రావు గారు తెర వైపు చూశారు, ముందు వరస వైపు చూశారు, మళ్ళీ తెర వైపు చూశారు.

"అదేంది రావుగారూ?" అన్నాడు ముత్యాలు వెనక నుంచి.

"తెలుసు! అది... పాతర."

"పాతరా?"

"విత్తనాల పాతరయ్యా. పూర్వం మనం గొయ్యి తవ్వి, గింజలు పోసి, పైన మట్టి కప్పేవాళ్ళం కాదూ? అదే. ముసలామెకి ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. డాక్టరు వంగద్దన్నాడు, అందుకని పట్నంలో కూతురింట్లో ఉంది. పోతూపోతూ, 'నా విత్తనం జాగ్రత్త' అని ఈయనకి అప్పజెప్పి పోయింది."

ముసలాయన గిన్నెలో ఏదో తెల్లగా పోసి, దిబ్బ చుట్టూ చల్లాడు.

"అదేంది పోస్తున్నడు?"

"వేప కషాయం. పురుగు పట్టకుండా."

ముసలాయన గిన్నెలో మిగిలింది తను తాగాడు.

"తాగిండు గదా!"

"ఒంటికీ మంచిదే కదయ్యా!"

ముసలాయన మోకాళ్ళ మీద వంగి, నేలకు తల ఆనించి మొక్కాడు.

"మరి మొక్కుతున్నడేంది?"

"విత్తనానికి మొక్కక ఇంకెవరికి మొక్కుతాడు? నువ్వు మొక్కట్లేదు కాబట్టే నీ చేను అలా తగలడింది!"

గ్రౌండంతా గొల్లుమంది. తెర మీద ముసలాయన చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. రావు గారు కూడా కండువాతో మొహం తుడుచుకుని, "చేదు కదా మరి" అన్నారు మెల్లగా.

సినిమా అయిపోయింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆటో ఎక్కేముందు మోతీ కూతురి చెయ్యి పట్టుకుంది. "బేస్తవారం మంచిదేనా?"

"దేనికి?"

"ఖమ్మం పోనీకి. జల్దీ పోయొద్దం. ఎందుకు ఏడుస్తున్నవ్ మళ్ళ, నువ్వే గదా పోదమన్నవ్?"

ఆపరేషన్ బాగా జరిగింది. థియేటరు తలుపు దగ్గర నర్సు రెక్క పట్టుకోబోతే మోతీ చెయ్యి విదిలించుకుని "నే!" అందట. ఇదేం భాషని నర్సు సంగీతను అడిగింది. కొరియా భాష అని చెబితే నమ్మలేదు. కోలుకుని తండాకు తిరిగొచ్చిన మోతీ ఆ సీజను ఆఖరి కోతకు చేలో దిగింది. ఆ ఆపరేషన్ పన్ను పీకినట్టే ఉంటుందని తాను ముందే చెప్పానని రావు గారు ఊరంతా చెప్పుకున్నారు.

మరుసటి ఏడు శ్రీధర్ సార్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో కంగారు. "ఆ సినిమా తీసిన యున్‌హీ వస్తున్నదమ్మా, కొరియా నుంచి. మీ ఊరే చూస్తదంట. నేనే ఆగం జేసిన. మీ దగ్గర అందరు నవ్విన్రు, లాస్టుకు చప్పట్లు కొట్టిన్రు అని రాసిన. ఆ సినిమా చాలా దేశాలల్ల చూపించిందంట, ఎక్కడ జూసినా లాస్టుకు ఏడ్చుడేనంట. మీరెందుకు నవ్విన్రో తెల్సుకోవాలంటున్నది."

ఇంగ్లీషు అక్షరాలున్న కొత్త డిస్కు కూడా పంపించాడు. సంగీత స్కూల్లో కంప్యూటరు ముందు కూర్చుని చూసింది. కొండ మీద గుండ్రటి దిబ్బ దగ్గరికి వచ్చేసరికి కింద అక్షరాలు పడ్డాయి. ముసలాయన అంటున్నాడు: 'నువ్వు లేకపోయినా గడ్డి పెరుగుతూనే ఉందే. కోస్తున్నా చూడు. ఈ గిన్నె నీది. మిగిలింది నేను తాగుతాను.' ఆ తర్వాత నల్లటి తెర మీద దర్శకురాలు రాసుకున్న రెండే మాటలు: 'మా అమ్మకు.'

సంగీత కంప్యూటరు ఆపి, సైకిలు తీసుకుని నేరుగా రావు గారింటికి వెళ్ళింది. సుబ్బరత్నం గారు చేటలో మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఆయన పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు.

"బాబాయ్, అది పాతర కాదు. సమాధి. వాళ్ళ దేశంల సమాధులు గట్లనే ఉంటయంట. ఆమె దవాఖానా నుంచి తిరిగి రాలే."

రావు గారు పేపరు ఇంకాస్త పైకెత్తారు. "అలాగా?"

"నీకు ఆ రోజే తెలుసు గదా?"

పేపరు వెనక నుంచి గొంతు వచ్చింది. "లేదమ్మా. నాకేం తెలుసు? నాకు తెలియదు."

సుబ్బరత్నం గారి చేతిలో చేట జారి కాయలన్నీ నేలపాలయ్యాయి. "ఏమన్నారూ?" పరుగున వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. "సంగీతా, డాక్టరును పిలవవే! ఈయనకేదో అయింది. నాకు గోత్రం మార్చిన రోజు నుంచి ఈ మాట ఈయన నోట విన్లేదు!"

నిజంగా తెలియకపోతే ఆయన తెలుసనే అనేవారు. తెలిసింది కాబట్టే తెలియదన్నారని సంగీతకు అర్థమైంది. ఆ పెద్దమనిషి కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే ఇంకా ఇబ్బంది పడిపోతారని, కింద పడ్డ కాయలు ఏరిపెట్టి వచ్చేసింది.

యున్‌హీ వచ్చింది. తండాలో సంగీత ఇంట్లోనే దిగింది. మోతీ జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెడితే కళ్ళ నీళ్ళు రాకుండా మూడోసారి అడిగి వేయించుకుని తిన్నది. మోతీ మురిసిపోయి, "ఈ పిల్లను చిన్నప్పుడు మన తండాల నుంచే ఎవలో ఎత్తుకపోయిన్రు" అంది.

భోజనాలయ్యాక సంగీత తనకొచ్చిన ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పేసింది. అమ్మ గడ్డ, అమ్మ భయం, బాబాయ్, పాతర, వేప కషాయం, అంతా. చెబుతున్నంతసేపూ తిట్లకు సిద్ధపడే ఉంది. ఒకరి తల్లి చావును ఊరందరి ముందు విత్తనాల పాతర చేసేశారు మరి. యున్‌హీ కదలకుండా విన్నది. వేప కషాయం దగ్గర నవ్వింది. 'చేదు కదా మరి' దగ్గర నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతున్న మోతీని చూస్తూ అంది: "అయితే ఈ ఒక్క ఊళ్ళో మా అమ్మ బతికే ఉంది. నా ఇంట్లోనే ఉంది. రేపు ఇంగ్లీషు అక్షరాలు వద్దు. ఆయన్నే చెప్పమను."

ఆ ఆయన మర్నాడు పొద్దున్నే పెట్టె సర్దుకున్నారు. అసలైన కొరియా మనిషి ఊళ్ళో దిగాక అక్కడ ఉండటం క్షేమం కాదనుకున్నారు.

"ఎక్కడికీ?" అన్నారు సుబ్బరత్నం గారు.

"వేంసూరులో పెళ్ళుంది."

"మూఢంలో పెళ్ళేంటండీ?"

దొరికిపోయాక చేసేదేముంది? సాయంత్రం స్కూలు గ్రౌండుకు ఆయన్ని వెనక నుంచి తోసుకుంటూ తెచ్చారు. ఊరంతా చుట్టూ మూగింది. యున్‌హీ ఎదురొచ్చి, నడుం దాకా వంగి దణ్ణం పెట్టి, కొరియా భాషలో ఏదో చెప్పింది. రావు గారి మొహం పాలిపోయింది. తెగించి, "నే" అన్నారు.

యున్‌హీ మొహం వెలిగిపోయింది. "నే!" అంది.

"నే, నే" అన్నారు ఆయన, ప్రాణం లేచొచ్చి.

"నే, నే, నే" అంది ఆమె.

"ఏం మాట్లాడుకుంటున్నరు?" అన్నాడు ముత్యాలు.

"కుశల ప్రశ్నలయ్యా. నీకర్థం కాదు."

సినిమా మళ్ళీ పడింది. ముసలామె మళ్ళీ బస్సెక్కింది, ముసలాయన మళ్ళీ పాతరకు కషాయం పోశాడు. ఈసారి రావు గారి గొంతు తొట్రుపడింది. కన్నకూతురు పక్కనే నిలబడి ఉండగా ఎలా పడుతుంది మాట? ఆమెకు తెలుగు రాదు గానీ ఆయనకు అదేమీ ఊరటనివ్వలేదు. 'పాతర' అన్నప్పుడు ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, సినిమా అయిపోయేదాకా వదలలేదు.

చివర్లో జనం ఏమైనా అడగొచ్చన్నాడు శ్రీధర్. ముత్యాలు లేచాడు. "ఆ ముసలామె మంచిగున్నదా అని అడుగున్రి. పోయినేడు కూతురింట్ల ఉన్నదన్నరు గదా."

గ్రౌండంతా ఆమె వైపే చూసింది. సంగీత ఆ ప్రశ్నను ఇంగ్లీషులో పెట్టింది. యున్‌హీ ఆ జనాన్ని చూసి, ముందు వరసలో కూర్చున్న మోతీని చూసి, నవ్వుతూ తల ఊపింది.

"నే."

రావు గారు మైకు అందుకున్నారు. "'నేనే చూసుకుంటున్నా' అంటోంది."

చప్పట్లు మోగాయి. ఆయన జన్మలో చెప్పిన అర్థాలన్నిటిలోకీ అది ఒక్కటి మాత్రం తప్పు కాదని సంగీతకు అనిపించింది.

మర్నాడు యున్‌హీని బస్సెక్కించి తల్లీకూతుళ్ళిద్దరూ తండా దారి పట్టారు. దారి పొడవునా కల్లాల్లో కాయ ఎండుతోంది. ఇంక దాచడం ఎందుకనిపించింది సంగీతకు. "యాడీ" అంది. వాళ్ళ భాషలో అమ్మను అలాగే పిలుస్తారు. "నీకొకటి చెప్పాలె. ఆ సినిమాల..."

"పాతర గురించా?" అంది మోతీ నడుస్తూనే.

సంగీత ఆగిపోయింది.

"పాతరకు ఎవలన్న సారా పోస్తరా బిడ్డా? పోయినోళ్ళకు పోస్తరు గని. పండ్లు పెట్టిండు, పోసిండు, మొక్కిండు, మిగిలింది తను తాగిండు. పెత్రమాసకు పెద్దలకు పెట్టుడు నేను చూడలేదా? వేప కషాయమంట!"

"మరి తెలిసి గూడ ఎట్ల పోయినవ్ ఖమ్మం?"

మోతీ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయన మొఖం చూసినవా ఆ రోజు? చెమటలు కారుతున్నయ్. ఒక్కో అబద్ధానికి ఒక్కపారి నా దిక్కు చూసుడు. గంత పెద్దమనిషి, గంతమంది ముందట, నాకోసం గంత తిప్పలు పడుతుంటె పోకుంటె మంచిగుంటదా చెప్పు?"

సంగీతకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "రేపే పోయి బాబాయ్‌కి చెప్త, నీకు ఆనాడే తెలుసని" అంది.

మోతీ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"వద్దు, చెప్పకు. పాపం, ఆయనకు తెల్వనిది ఒక్కటన్న ఉండనీ."